కన్నులారా చూడవలసిన ప్రసవం

దినచర్య వ్రాయుటకు ఒక పద్ధతి కలదు. పద్ధతి లేని దినచర్య సణుగుడుతో సమానము. సణుగుడునకు మార్జిను ఉండదు. కావున ఈ పుస్తకమునకు క్రింది నియమములను నిర్ణయించుచున్నాను. ప్రతి పుటలో ఎడమవైపు రెండు వ్రేళ్ళ మేర ఖాళీ విడువవలెను. జరిగినది జరిగినట్లు వ్రాయవలెను. మనస్సునకు తోచినది వ్రాయరాదు; వ్రాయక తప్పనిచో దానిని వాతావరణము క్రింద నమోదు చేయవలెను. వ్రాసినవాడు తప్ప ఈ పుస్తకమును మరియొకరు చదువరాదు. వ్రాసినవాడు కూడ అవసరము లేనిదే చదువరాదు.

భీమశంకరం, ఎల్.ఎం.పి., వైద్యుడు, వయస్సు నలుబదియారు, శిక్షకుడు, గ్రామారోగ్య శిక్షణ తరగతి, తుంగలంక, కొల్లేరు.

1936 జూన్ 8

ఏలూరు నుంచి బండిలోనూ, ఆ తరువాత దోనెలోనూ ప్రయాణించి సాయంకాలానికి తుంగలంక చేరాను. దోనె నడిపినవాడు పాపారావు. ఈ లంకలో చేపలు పట్టే కుటుంబాలవాడు. దారిపొడవునా నోరు విప్పలేదు. దిగేటప్పుడు మాత్రం, "ఎన్నాళ్ళుంటారండీ?" అని అడిగాడు. ఆరు నెలలని చెప్పాను.

"ఇదివరకు వచ్చినాయన కూడా అలాగే అన్నారండీ."

ఆయన ఎన్నాళ్ళున్నాడని అడిగాను.

"భోజనం చేసి వెళ్ళారండీ."

లంక చుట్టూ నీరున్నది. లంక అన్న తరువాత ఇది సహజమే. అయినా ఏలూరులో మా గ్రామారోగ్య సంఘం కచేరీలో కూర్చుని ఉత్తర్వు చదివినప్పుడు ఈ సంగతి ఇంత స్పష్టంగా కనబడలేదు.

ఉత్తర్వు సారాంశం: కొల్లేటి లంకల్లో వైద్యుడు లేడు, ఎవరూ వచ్చి ఉండరు. కాబట్టి చదువు వచ్చిన ఆరుగురు స్త్రీలకు పురుడు పోయడం, పుండు కట్టడం, జ్వరానికి మందివ్వడం ఈ లంకలోనే నేర్పి, సర్టిఫికెట్లు ఇచ్చి, లంకల్లోనే నియమించాలి. నేర్పేవాణ్ణి నేను.

జూన్ 9

తరగతి ప్రారంభం. హాజరు ఆరు. చేతులు కడుక్కోవడం గురించి రెండు గంటలు ప్రసంగించాను. సబ్బు ఇంకా ఏలూరు నుంచి రాలేదు. సబ్బు లేనప్పుడే దాని ప్రాముఖ్యం బాగా బోధపడుతుందని విద్యార్థినులకు చెప్పాను.

ఎందుకు చేరారని నియమం ప్రకారం ఒక్కొక్కరినీ అడిగాను. అయిదుగురు "సేవ చేయడానికండీ" అన్నారు. సంఘం వారి ప్రకటనలో ఉన్న జవాబు అదే. ఆరవ ఆమె రత్నకుమారి. గుండుగొలను మిషను బడిలో పంతులుగా ఉన్న దేవసహాయం గారి కుమార్తె, వయస్సు ఇరవైనాలుగు.

"మా అక్క ఇలాంటి లంకలోనే పురిట్లో పోయిందండీ. డాక్టరుగారు నాలుగో రోజున వచ్చారండీ. చాలా మంచాయన," అన్నది.

ఆ జవాబుకు ఫారంలో గడి లేదు. "ఇతరములు" క్రింద వ్రాశాను.

జూన్ 27

హాజరు నాలుగు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఇద్దరు చలిజ్వరంతో ఇళ్ళకు వెళ్ళిపోయారు. దోమల వలన కలిగే వ్యాధులను గురించిన పాఠం వచ్చే వారానికి నిర్ణయించి ఉన్నది. వారు తొందరపడ్డారు.

జూలై 3

నియమావళి బోధించాను. అందులో ముఖ్యమైనది తొమ్మిదవ నిబంధన. విద్యార్థిని పోసే పురుడు కనీసం ఒక్కటైనా శిక్షకుడు అదే గదిలో ఉండి కన్నులారా చూడాలి. చూచితినని సంతకం చేస్తేనే సర్టిఫికెట్టు. సర్టిఫికెట్టు వచ్చేవరకు సంచిలోని కత్తెర, దారం, మందునీళ్ళు శిక్షకుని కంటి ఎదుట తప్ప వాడరాదు, బొడ్డు కోయరాదు.

మంచి నిబంధన. చేతకానివారి చేతిలో కత్తెర పడకుండా ఆపుతుంది. దీన్ని రచించినవారెవరో ఇక్కడ వ్రాయవలసిన పని లేదు.

జూలై 12

మొదటి పురుడు. ఈ లంకలో పురుళ్ళన్నీ పోసేది పాపాయమ్మ అనే వృద్ధురాలు. సంచి చంకన పెట్టుకొని, రత్నకుమారిని వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్ళేసరికి పాపాయమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉన్నది.

"అమ్మాయిగారు రావచ్చండీ. తమరు ఆ రాట దగ్గర కూర్చోండి."

"నేను శిక్షకుణ్ణి. లోపల ఉండి చూడాలి."

"ఏం చూస్తారండీ?"

"ప్రసవం."

"దాని మొగుడే చూడడు కదండీ!"

లోపల నొప్పులు పడుతున్న మనిషి కూడా నవ్వింది. నేను వైద్యుణ్ణనీ, వైద్యుడికి ఆడ మగ తేడా లేదనీ వివరించాను.

"తమరికి లేకపోవచ్చు బాబుగారూ. తమరి మీసానికుంది."

రత్నకుమారి లోపలికి వెళ్ళింది. నేను రాట దగ్గర కూర్చున్నాను. సంచి నా ఒడిలో ఉన్నది. మూడు గంటల తరువాత తడిక వెనుక నుంచి ఆమె గొంతు వినబడింది.

"బిడ్డ వచ్చాడండీ. కత్తెర ఇప్పించండి."

"నేను చూడకుండా ఇవ్వడానికి వీల్లేదు."

తరువాత పాపాయమ్మ ఆలిచిప్పతో బొడ్డు కోసి, దాని మీద పేడ బూడిద అద్దింది. లంకలో అదే ఆనవాయితీ.

మగబిడ్డ. గట్టిగా ఏడ్చాడు. నియమావళికి ఎటువంటి భంగమూ కలగలేదు.

జూలై 18

బిడ్డ దవడలు బిగుసుకున్నాయి. పాలు పట్టడం లేదు.

జూలై 19

ఉదయం పోయాడు.

వాతావరణం: గాలి లేదు.

జూలై 20

లంకలో దీన్ని ఏడోనాటి గుణం అంటారు. వైద్యశాస్త్రంలో ధనుర్వాతం. కోసిన చిప్ప నుంచీ, అద్దిన బూడిద నుంచీ వస్తుంది. ఉడికించిన కత్తెరతో కోసి, శుభ్రమైన గుడ్డ కడితే రాదు. ఈ విషయమంతా ఈ రోజు తరగతిలో బోధించాను. రత్నకుమారి చెయ్యెత్తింది.

"రూలు పాటించామండీ. బిడ్డ పోయాడండీ. పరీక్షలో ఈ రెండూ ఒకే ప్రశ్న కింద వస్తాయాండీ?"

వేరువేరు ప్రశ్నలని చెప్పాను.

జూలై 29

సంఘం కార్యదర్శి నరసరాజు గారికి లేఖ. నాకు బదులుగా తాడేపల్లిగూడెంలో ఉన్న లేడీ డాక్టరు ప్రభావతమ్మ గారు వచ్చి ఒక ప్రసవం చూడవచ్చునా అని అడిగాను. ఆమెకు మీసం లేదని వ్రాయలేదు, ఊహించుకోగలరు.

ఆగస్టు 14

జవాబు వచ్చింది. "నియమావళి ప్రకారము ప్రయాణమనగా రైలు లేక బండి. దోనె పేర్కొనబడలేదు. కావున ప్రభావతమ్మగారు తుంగలంకకు వచ్చుట ప్రయాణము కాజాలదు. ప్రయాణము కానిదానికి అనుమతి ఇవ్వజాలము. మరియు తమ లేఖలో మార్జిను ఒకటిన్నర వ్రేలు మాత్రమే ఉన్నది."

మార్జిను సంగతి నిజమే.

ఆగస్టు 17

పాపాయమ్మతో సంప్రదింపులు. తడికకు చిన్న రంధ్రం చేసుకుంటానన్నాను. దానికి అడ్డంగా చేపల బుట్ట తగిలిస్తానన్నది. చివరకు ఒక మెట్టు దిగాను.

"పాపాయమ్మా, నేను ముసుగు వేసుకొని ఒక మూల కూర్చుంటే?"

"ముసుగేసుకుంటే తమరికేం కనపడదు కదండీ. ఇంక లోపలికి రావడమెందుకు?"

ఆమె తర్కంలో దోషం కనిపెట్టడానికి ఈ సాయంకాలమంతా వినియోగించాను. దోషం లేదు.

ఆగస్టు 30

హాజరు ఒకటి. మిగిలిన ముగ్గురిని వారి ఇళ్ళవాళ్ళు వచ్చి తీసుకుపోయారు. "కత్తెర ముట్టుకోనివ్వని చదువేం చదువండీ?" అన్నాడు ఒకామె తండ్రి. రత్నకుమారి ఇప్పటికి ఆరు పురుళ్ళలో లోపల ఉన్నది. నేను ఆరింటికీ బయట ఉన్నాను. బిడ్డలు కొందరు బ్రతికారు. అందరూ కాదు.

హాజరు పట్టీలో అయిదు వరుసలు ఖాళీగా ఉన్నందువల్ల పుట చాలా పరిశుభ్రంగా కనబడుతున్నది.

సెప్టెంబరు 4

పాఠం నడుమ రత్నకుమారి నియమావళి పుస్తకం చివరి పుట తెరిచి ఉంచింది.

"ఏవండీ, ఇక్కడ రూపకర్త అని మీ పేరుందండీ."

ఉన్నదన్నాను.

"అయితే తొమ్మిదో నిబంధన మీరే రాశారాండీ?"

"కమిటీవారు ఆమోదించారు."

"రాసేటప్పుడు లంక చూశారాండీ?"

"పటం చూశాను."

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

మార్చకూడదా అని అడిగింది. అయిదేళ్ళ వరకు ఏ నిబంధననూ సవరించరాదని ఇరవయ్యవ నిబంధనలో ఉన్నది. దాని రూపకర్తను గురించి ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ నియమావళిని నేను నాలుగేళ్ళ క్రితం ఏలూరు కచేరీలో కిటికీ పక్కన కూర్చుని మూడు మధ్యాహ్నాల్లో పూర్తి చేశాను. ఒక్క కొట్టివేత లేదు. అందరూ మెచ్చుకున్నారు.

సెప్టెంబరు 12

దోనె పాపారావు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతని భార్య సత్యవేణికి నెలలు నిండుతున్నాయి. ఇదివరకు ఇద్దరు పుట్టారు. ఇద్దరూ ఏడోనాడే పోయారు.

"ఈసారి కత్తెర లోపలికెళ్తుందాండీ?"

"విషయం పరిశీలనలో ఉన్నది."

"మా ఆవిడకి ఇంకో నెల లోపేనండీ. తమ పరిశీలన దానికి ముందాండీ, తరవాతాండీ?"

పరిశీలనకు గడువు ఉండదని చెప్పాను. అతడు దండం పెట్టి వెళ్ళిపోయాడు. దండం పెట్టకుండా వెళ్ళవచ్చును.

సెప్టెంబరు 13

నిన్న పాపారావుకు ఇచ్చిన జవాబు సరియైనదే.

సెప్టెంబరు 14

మొన్న పాపారావుకు ఇచ్చిన జవాబు సరియైనదే.

సెప్టెంబరు 26

నరసరాజు గారి ఉత్తర్వు. ఒక్క సర్టిఫికెట్టు కూడా ఇవ్వజాలని తరగతిని అక్టోబరు ముప్ఫై ఒకటిన మూసివేయాలి. సంచికి సీలు వేసి ఏలూరు పంపాలి. శిక్షకుడు తన పూర్వపు కుర్చీకి తిరిగి రావాలి. ఆలోగా ఒక్క సర్టిఫికెట్టు ఇచ్చినా, పన్నెండవ నిబంధన ప్రకారం తరగతి సఫలమైనట్లు భావించి, అదే శిక్షకునితో అదే లంకలో మరి మూడేళ్ళు పొడిగిస్తారు.

అదే దోనెలో మా ఇంటి నుంచి కార్డు. నా భార్య వీరరాఘవమ్మ వ్రాసింది: "పడక కుర్చీకి కొత్త గుడ్డ కుట్టించాను. కాలువ వైపు వసారాలో వేశాము. ఎవరూ కూర్చోవడం లేదు."

ఇంకా ముప్ఫై అయిదు రోజులు.

వాతావరణం: ఆహ్లాదకరం.

సెప్టెంబరు 27

నిన్నటి వాతావరణం పొరపాటున నమోదు అయినది.

అక్టోబరు 9, గుండుగొలను

నిన్న జరిగినది జరిగినట్లు వ్రాస్తున్నాను.

మూడు రోజులుగా విడవకుండా వాన. నిన్న తెల్లవారేసరికి తుంగలంకలో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. జనం దోనెలెక్కి గట్టుకు పోతున్నారు. పాపారావు దోనెలో అయిదుగురం ఎక్కాము: పాపారావు, నిండు గర్భిణి సత్యవేణి, పాపాయమ్మ, రత్నకుమారి, నేను. సంచి నా ఒడిలో ఉన్నది. రత్నకుమారి రోజూ ఉదయం నా ఎదుటనే కత్తెరను ఉడికించి శుభ్రమైన గుడ్డలో చుట్టి అందులో పెడుతుంది. ఎవరూ వాడని కత్తెరను రోజూ ఎందుకు ఉడికిస్తావని ఒకసారి అడిగితే, "అభ్యాసమండీ" అన్నది. నిన్న కూడా, మోకాలి లోతు నీళ్ళలో పొయ్యిని బల్ల మీదికి ఎక్కించి, ఉడికించే బయలుదేరింది.

నడి సరస్సులో సత్యవేణికి నొప్పులు వచ్చాయి.

పాపాయమ్మ ఏర్పాట్లు చేయడానికి రెండు నిమిషాలు పట్టింది. మా కమిటీకి నాలుగు సమావేశాలు పట్టేది.

"ఒరే పాపారావూ, నువ్వు ముందు కొనకెళ్ళి గెడ వెయ్యి. వెనక్కి చూశావంటే చూడు. డాక్టరుగారూ, తమరూ అటే తిరగండి. కదిలితే దోనె తిరగబడుద్ది."

తిరిగాను. నా ఎదుట పాపారావు కాళ్ళు, వాటికి అవతల నీళ్ళు. నొప్పులప్పుడు ఇంట్లో అయితే గట్టిగా ఆనుకోవడానికి రాట ఉంటుంది. దోనెలో రాట లేదు.

"ఈయన్ని ఆనుకో అమ్మా," అన్నది పాపాయమ్మ.

"అమ్మో, పరాయి మగాణ్ణా!"

"మగాడని ఎవరన్నారే? రాట అనుకో."

సత్యవేణి నా వీపుకు తన వీపు ఆనించింది. ఇరవై ఏళ్ళుగా నొప్పికీ నొప్పికీ మధ్య ఎంత వ్యవధి ఉన్నదో గడియారం చూసి చెప్పేవాణ్ణి. నిన్న గడియారం అవసరం రాలేదు. నొప్పి రావడం ఆమె కన్నా ఒక్క క్షణం ఆలస్యంగా నాకు తెలిసేది. ఆమె పాదాలు అడ్డచెక్కకు తన్నిపెట్టి వెనక్కి తోసినప్పుడు నేను ముందుకు వంగిపోకుండా రెండు చేతులతో దోనె అంచులు పట్టుకున్నాను. వంగితే ఆమె పడుతుంది. నా వృత్తి జీవితంలో ఇంత స్పష్టమైన కర్తవ్యం ఇంతకు ముందు ఎవరూ అప్పగించలేదు.

రత్నకుమారి గొంతు వినబడుతున్నది. "ఇప్పుడు ముక్కకు. ఊపిరి వదులు. ఆఁ, ఇప్పుడు." నా తరగతిలో ఆమె ఎప్పుడూ ఆ గొంతుతో మాట్లాడలేదు. అందులో ఒక్క "అండీ" కూడా లేదు.

ఎంతసేపో తెలియదు. తరువాత ఏడుపు వినబడింది.

"డాక్టరుగారూ, సంచి."

తొమ్మిదవ నిబంధన గుర్తుకు వచ్చింది. వరుస తప్పకుండా ఒక్కొక్క మాటా గుర్తుకు వచ్చింది, వ్రాసినవాడికి వస్తుంది. చూడాలంటే వెనక్కి తిరగాలి. తిరిగితే ఆమెకు ఆనిక పోతుంది.

"డాక్టరుగారూ!"

సంచిని భుజం మీదుగా వెనక్కి అందించాను. ఆమె తీసుకున్నది. నా చేతిలో బరువు పోయింది.

పాపాయమ్మ మొలలో నుంచి చిప్ప తీసినట్లున్నది. "అది వద్దు మామ్మగారూ," అన్నది రత్నకుమారి.

"దీని బిడ్డలిద్దర్నీ నా చేతుల్తోనే ఎత్తుకెళ్ళి పూడ్చానమ్మా," అన్నది పాపాయమ్మ. ఏదో చిన్నది నీళ్ళలో పడిన చప్పుడయింది.

ఆ తరువాత కత్తెర చప్పుడు. ఒక్కసారే.

ముందు నుంచి పాపారావు తల తిప్పకుండానే నన్ను అడిగాడు. "ఎవరండీ?"

"నాకు తెలియదు. నేను చూడలేదు."

"ఆడపిల్లరా," అన్నది పాపాయమ్మ.

అతడు గెడ వేయడం మానేశాడు. దోనె కొంతసేపు దానంతటదే పోయింది.

సాయంకాలానికి గుండుగొలను చేరి, దేవసహాయం గారి బడిలో దిగాము.

వాతావరణం: వాన. ముఖం తడిసియున్నది, వాన వలన.

అక్టోబరు 10

మూడవ రోజు. పాలు త్రాగింది.

అక్టోబరు 11

త్రాగింది.

అక్టోబరు 12

త్రాగింది. రత్నకుమారి బొడ్డు గుడ్డ మార్చింది. బూడిద ఎవరూ అద్దలేదు. అద్దకుండా పాపాయమ్మ కాపలా కూర్చున్నది.

అక్టోబరు 13

ఆరవ రోజు. త్రాగింది. వ్రాయడానికి మరేమీ లేదు. మళ్ళీ వెళ్ళి చూచి వచ్చాను. త్రాగుతున్నది.

అక్టోబరు 14

ఏడవ రోజు. పాపారావు ఉదయం నుంచి బడి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను. మూడు గంటలకు బిడ్డ ఆవులించింది. దవడ పూర్తిగా తెరుచుకున్నది. నాలుక, చిగుళ్ళు, అంగిలి అన్నీ కనబడ్డాయి.

పాపారావు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నేను ఆవులింత వ్యవధిని నమోదు చేద్దామనుకున్నాను. పెన్సిలు దొరకలేదు.

అక్టోబరు 17

పదవ రోజు. బ్రతికినది.

అక్టోబరు 20, తుంగలంక

లంకలో నీళ్ళు తీయడంతో అందరమూ తిరిగి వచ్చాము. సర్టిఫికెట్టు ఫారం బల్ల మీద పెట్టాను. అందులో ఒక వాక్యం అచ్చువేసి ఉన్నది: "ఈ ప్రసవమును నేను కన్నులారా చూచితిని." క్రింద గీత. రత్నకుమారి చూచి చేతులు వెనక్కి పెట్టుకున్నది.

"మీరు చూడలేదు కదండీ."

"చూడలేదు."

"అబద్ధం మీద వచ్చే సర్టిఫికెట్టు నాకొద్దండీ. రేపు నేను రాసే మాట కూడా ఎవరూ నమ్మరండీ."

ఇంత క్రమశిక్షణ ఆమెకు ఎవరు నేర్పారో విచారించవలసి ఉన్నది.

పాపాయమ్మ గుమ్మంలో కూర్చుని అంతా విన్నది. "అయితే ఈ సంచి ఏలూరు వెళ్ళిపోతుందాండీ?"

"ఈ నెలాఖరుకు."

"తమరూనా?"

"నేనూ."

"మంచిదండీ. తమరు వెళ్ళండి. నేను మళ్ళీ చిప్పలేరుకుంటాను." లేచి, చీర దులుపుకున్నది. "వచ్చే నెలలో రెండు పురుళ్ళున్నాయి బాబుగారూ."

అక్టోబరు 21

ఏమీ వ్రాయలేదు.

అక్టోబరు 22

సంతకం చేయకపోతే పది రోజుల్లో ఏలూరు. చేస్తే మూడేళ్ళు. పన్నెండవ నిబంధనలో లొసుగు ఉన్నదేమోనని ఉదయం నుంచి పరిశీలించాను. లేదు. ఆ మూడు మధ్యాహ్నాలూ నేను చాలా శ్రద్ధగా పనిచేసినట్లున్నది.

అక్టోబరు 23

సంతకం చేశాను. అది అబద్ధం కాకుండా ఒక అనుబంధ నిబంధన రచించి, రెండు వ్రేళ్ళ మార్జినుతో ఫారానికి జతపరిచాను. సవరణలు చేయరాదు కాని, అనుబంధాలు చేర్చరాదని ఇరవయ్యవ నిబంధనలో లేదు.

రత్నకుమారి రెండుసార్లు చదివింది. "ఇది నిజమేనండీ," అని సర్టిఫికెట్టు తీసుకున్నది. మధ్యాహ్నం పక్క లంక నుంచి కబురు వస్తే, సంచి తీసుకొని ఒక్కతే దోనె ఎక్కింది. నేను రేవు దాకా వెళ్ళాను. అక్కడి నుంచి నాకు చేయవలసిన పని ఏదీ కనబడలేదు.

ఇంటికి కార్డు వ్రాశాను. మూడేళ్ళనే మాట కార్డులో పట్టలేదు.

అనుబంధ నిబంధన నకలు ఇది:

కొల్లేటి నీటిపై ప్రసవము జరుగునపుడు, ప్రసవించు స్త్రీ ఆనుకొనియున్న శిక్షకుని వీపు అతని కన్నుగా పరిగణింపబడును. సదరు కంటికి అద్దములు అవసరము లేదు. సదరు కన్ను మూసికొనుటకు వీలు లేదు. ఈ నిబంధన తుదిది.